మా అమ్మ రేవు పాట పాడిన ఏడాది

ఒక పెద్దమనిషి కుర్చీలోంచి లేచి నిలబడినందుకు మా లంక మొత్తం ఏడాది పాటు టిక్కెట్లు కొనుక్కుని గోదారి దాటింది. ఈ మాట చెబితే బయటివాళ్ళు నవ్వుతారు. మా వైపు వాళ్ళు కూడా నవ్వుతారుగానీ, నవ్వాక, "అంతటాయన లేచి నిలబడ్డాక ఇంకేం చేస్తారండీ పాపం" అంటారు. నాకు ఒళ్ళు మండేది ఆ రెండో మాటకే.

మాది గోదారి మధ్యలో చిన్న లంక. నలభై ఇళ్ళకి ఒకటో రెండో ఎక్కువ. ఒండ్రు నేల కాబట్టి వంగ, టమాటా, దొండ, కొత్తిమీర, అరటి, ఏం వేసినా పండేది. వరదొస్తే ఏం వేసినా పోయేది. హైస్కూలు, సంత, డాక్టరు, మందుల షాపు, సినిమా హాలు అన్నీ అవతలి గట్టునే ఉండేవి. మధ్యలో పాయ దాటాలి. దాటించేది పడవ తాత. మాకేం చుట్టం కాదు, లంకలో పిల్లలందరికీ తాతే. దాటినప్పుడల్లా డబ్బులివ్వడం మాకు తెలీదు. పంట చేతికొచ్చాక ప్రతి ఇంటివాళ్ళూ ఆయనకి మేర కొలిచేవారు. కందులు పండినవాళ్ళు కందులు, మొక్కజొన్న పండినవాళ్ళు మొక్కజొన్న. ఆ తర్వాత ఏడాదంతా రోజుకి నాలుగుసార్లు దాటినా అడిగేవాడు లేడు. ఏమీ పండనివాళ్ళు కూడా దాటేవారు.

ఆ రేవుని ఏటా వేసవి మొదట్లో అవతలి ఊరి పంచాయతీ ఆఫీసులో వేలం వేసేవారు. మేం దాన్ని రేవు పాట అనేవాళ్ళం. పాట ఎవరు పాడుకుంటే ఏడాదిపాటు రేవు వాళ్ళది. నాకు తెలిసి పాడేవాడు తాతొక్కడే. ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి, ఒక్క మాట చెప్పి, వేలిముద్ర వేసి, వస్తూ వస్తూ మాకు జీళ్ళు కొనుక్కొచ్చేవాడు. పోటీకి వచ్చినవాళ్ళే లేరు. లంకవాళ్ళు తప్ప దాటేదెవరని, ఆ రేవు ఎవరికి కావాలి?

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అవతలి ఊరి కామందుగారికి కావాల్సొచ్చింది.

కామందుగారు చెడ్డవాడని రాసేస్తే నా పని సులువయ్యేది. కానీ అబద్ధమవుతుంది. మెత్తని మనిషి. కూలీవాళ్ళని కూడా "ఏవండీ" అనే పిలిచేవాడు. వరదలప్పుడు మా ఇంటిల్లిపాదీ గట్టుమీద పరదా కింద ఉంటే బియ్యం, కిరసనాయిలు పంపించినవాడు ఆయనే. తాతకి కంట్లో పువ్వేస్తే కారులో రాజమండ్రి తీసికెళ్ళి ఆపరేషన్ చేయించినవాడూ ఆయనే. నా చిన్నప్పుడు ఆయనకి ముప్పయ్యెకరాల వరిచేను ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికి మండపేటలో రైసు మిల్లుంది. మా నాన్న ఆ మిల్లులోనే బస్తాలు మోసేవాడు, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. తర్వాత సముద్రం వైపు రొయ్యల చెరువులొచ్చాయి, లారీలొచ్చాయి, ఇటుక బట్టీలొచ్చాయి. వరదలో పంట పోయి చేతులెత్తేసినవాళ్ళ దగ్గర మా లంకలో నేల కూడా కొంటూ వచ్చాడు. మంచి ధరకే కొన్నాడు. అమ్ముకున్నవాళ్ళు ఆయనకి దణ్ణం పెట్టి, అదే నేలలో మర్నాటి నుంచి కూలికి దిగారు.

ఒకే మనిషి చేతికి అన్నీ ఇలా చేరుతూ ఉంటే దానికో పేరుంటుందని మాకు తెలీదు. "ఆయన జాతకం అలాంటిదమ్మా" అనేవారు మావాళ్ళు. ఇప్పుడు నేను రాజమండ్రిలో కాలేజీ పిల్లలకి పాఠం చెబుతున్నాను. సంపద కొద్దిమంది దగ్గర పోగుపడటం గురించిన పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకం పక్కన పెట్టేసి మా రేవు గురించే చెబుతాను. పిల్లలకి పాఠం కంటే అదే గుర్తుంటుంది, పరీక్షలో రాయడానికి పనికిరాకపోయినా.

ఆ ఏడు కామందుగారు రేవు పాటకి వస్తున్నాడని ముందే తెలిసింది. లంకలో ఆయన నేల పెరిగింది, అరటి గెలలు దాటించడానికి ఇంజను పడవ పెట్టాలనుకుంటున్నాడు, రేవు తన పేర ఉంటే హాయి. మావాళ్ళకి గుండెల్లో రాయి పడింది. అందరూ తలా కొంచెం వేసుకుని, తాత ఎప్పుడూ పాడేదానికి మూడింతలు పోగుచేశారు. దాన్ని తాత మొలలో కట్టుకున్నాడు. మగవాళ్ళు పదిహేనుమంది వెంట వెళ్ళారు. "తగ్గొద్దు తాతా, మేమున్నాం" అన్నారు అందరూ.

అక్కడేం జరిగిందో వెళ్ళినవాళ్ళు పదిహేను రకాలుగా చెప్పారుగానీ సారం ఒకటే. తాత గుమ్మంలోకి రాగానే కామందుగారు కుర్చీలోంచి లేచాడు. "రండి పెద్దాయనా, ఇలా కూర్చోండి. కన్ను ఎలా ఉంది? చుక్కల మందు వేసుకుంటున్నారా?" అని తన కుర్చీలో కూర్చోబెట్టి, తను నిలబడ్డాడు. పంచాయతీ గుమస్తా పాట మొదలెట్టాడు. కామందుగారి మనిషి ఒక అంకె చెప్పాడు. చాలా చిన్న అంకె, తాత మామూలుగా పాడేదానికంటే వంద ఎక్కువంతే. "ఒకటోసారి" అన్నాడు గుమస్తా. తాత మొలమీద చెయ్యేసుకుని కూర్చున్నాడు. "రెండోసారి." పదిహేనుమందీ తాత వంక చూశారు. తాత నేల వంక చూశాడు. "మూడోసారి." అయిపోయింది. తర్వాత కామందుగారు అందరికీ కూల్‌డ్రింకులు తెప్పించాడు. అందరూ తాగారు.

రేవులో ఎదురుచూస్తున్న ఆడవాళ్ళకి మొహాలు చూడగానే అర్థమైంది. మా అమ్మ మాత్రం ఊరుకోలేదు.

"డబ్బు చాల్లేదా తాతా?"

"డబ్బు మొల్లోనే ఉందే అమ్మాయ్."

"మరేటి?"

"కుర్చీ ఇచ్చేడే. ఆయన నిలబడి, నన్ను కూర్చోబెట్టేడు. ఆ కుర్చీలో కూర్చుని ఆయన మీద ఎలా పాడమంటావే?"

అమ్మ పడవ తాడు అందుకుని గుంజకి కట్టింది. తనైనా పాడలేకపోయేదని అప్పుడే తెలిసిందని చాలా కాలం తర్వాత నాతో ఒప్పుకుంది. నాకు పదమూడేళ్ళు. పదిహేనుమంది మగవాళ్ళు ఒక్క మాటకి నోళ్ళు కట్టేసుకొచ్చారని నాకు పిచ్చికోపం వచ్చింది. ఆ సాయంత్రం తాతతో మాట్లాడలేదు. తాత నాకోసం తెచ్చిన జీళ్ళు మాత్రం తిన్నాను.

నెల తిరిగేసరికి రేవులో రేకుల షెడ్డు లేచింది. ఇంజను పడవ వచ్చింది. బాగుండేది, అబద్ధమెందుకు. తాత గెడ వేసి దాటించే దూరాన్ని అది చిటికెలో దాటేసేది. తాతని అందులోనే జీతానికి పెట్టుకున్నారు, తాడు పట్టుకోవడానికి. షెడ్డులో టిక్కెట్ల పుస్తకంతో ఒకాయన కూర్చునేవాడు. మనిషికో టిక్కెట్టు, సైకిలుకో టిక్కెట్టు, మేకకో టిక్కెట్టు, బుట్టకో టిక్కెట్టు. మేర పద్ధతి పోయింది. "పాత రోజులు కావు కదండీ" అని టిక్కెట్లాయన ఎంతో మర్యాదగా చెప్పేవాడు. టిక్కెట్టు చించి ఇచ్చేటప్పుడు కూడా రెండు చేతులతో ఇచ్చేవాడు.

బుట్ట టిక్కెట్టు దగ్గర మా ఇల్లు దెబ్బతింది. అమ్మ అరెకరం కౌలుకి చేసేది. రోజూ రెండు బుట్టల కూరగాయలు అవతలి సంతకి వెళ్ళాలి. ఒకటి అమ్మ, ఇంకోటి బడికెళ్ళే దారిలో నేను తీసికెళ్ళి ఇచ్చేదాన్ని. ఇప్పుడు అమ్మకి టిక్కెట్టు, నాకు టిక్కెట్టు, రెండు బుట్టలకీ రెండు టిక్కెట్లు, రానూ పోనూ. టమాటా ధర పడిపోయిన రోజుల్లో సంతకి వెళ్ళినందుకు ఎదురు పెట్టుకోవాల్సొచ్చేది. లంకలో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు నాతోపాటు హైస్కూలుకి వచ్చేవారు. దసరా సెలవుల తర్వాత ఒకమ్మాయి రాలేదు. దీపావళి తర్వాత రెండో అమ్మాయి రాలేదు. పడవలో యూనిఫాం వేసుకున్నదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

ఒకరోజు పొద్దున్నే టమాటాలు ఏరుతూ అమ్మ నా వంక చూడకుండా అంది. "ఈ ఏడు పూర్తి చేసెయ్. తొమ్మిది చదివితే చాల్లేమ్మా. నేను ఐదే చదివేను."

నేను ఏడవలేదు. ఆ రాత్రి పడుకున్నాక ఒక ఉపాయం తట్టింది. బడి సంచికి టిక్కెట్టు లేదు.

మర్నాటి నుంచి నా బుట్టలోవి సగం సంచిలో సర్దేసి, మిగతా సగం అమ్మ బుట్టలోకి ఎక్కించి, "ఈరోజు కాయ తక్కువుందమ్మా, ఒక్క బుట్టే అయింది" అనేదాన్ని. అమ్మ ముందు పడవకి వెళ్ళిపోయేది కాబట్టి కనిపెట్టలేదు. సంతలో తన కుప్పలో కలిపేస్తూ, "ఇవి అడుగున ఉండిపోయాయి" అని ఏదో చెప్పేదాన్ని. పుస్తకాల మధ్య వంకాయలు, కంపాసు పెట్టెలో పచ్చిమిరపకాయలు. నా సంచి విప్పితే క్లాసంతా కొత్తిమీర వాసన. పక్క పిల్లలు "మీ ఇంట్లో ఈరోజేం కూర?" అని ఏడిపించేవారు. టిక్కెట్లాయన కూడా ఒకసారి, "అమ్మాయిగారూ, తొమ్మిదో తరగతి చదువు బాగా బరువండీ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, సంచి విప్పమనలేదు. ఆయనకీ ఆడపిల్లలున్నారట.

సంక్రాంతి వెళ్ళిన నెలకి పడవలో ఎవరిదో సైకిలు నా సంచి మీద పడింది. ఆరోజు ఆలస్యమై సంతకి పోకుండా నేరుగా బడికెళ్ళాను, అక్కడ విప్పేసరికి లెక్కల పుస్తకం నిండా టమాటా రసం, గింజలు. లెక్కల మేష్టారు పుస్తకాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి క్లాసుకి చూపించి, "మీ అమ్మగారిని రమ్మను" అన్నారు. అమ్మ వచ్చింది. మేష్టారు పుస్తకం చేతిలో పెట్టారు. అమ్మ పేజీలు తిప్పింది. అంటుకుపోయిన పేజీల మధ్య ఎండిన టమాటా తొక్కొకటి ఉంది. అప్పటికే తనకి అంతా అర్థమైపోయింది.

"ఎన్నాళ్ళ నించే?"

"దీపావళి నించి."

"ఎందుకే?"

"ఒక టిక్కెట్టు తగ్గితే పదిలోకి పంపిస్తావేమోనని."

బడి వరండాలో అందరూ చూస్తుండగా అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. తర్వాత కొంగుతో పుస్తకం తుడుస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు అంది: "ఈసారి రేవు నేను పాడతాను."

లంకలో మొదట అందరూ నవ్వారు. తర్వాత భయపడ్డారు. "ఆయన చెయ్యి పడని ఇల్లేదైనా ఉందా మనలో? ఏ మొహం పెట్టుకుని పాడతాం?" అన్నారు మగవాళ్ళు. అమ్మ ఇంటింటికీ తిరిగి అదే ప్రశ్న వేసింది, వేరే రకంగా. ఆయన దగ్గర ఏమీ తీసుకోని వాళ్ళెవరైనా ఉన్నారా అని. ఒక్కరూ లేరు. బియ్యమో, మందో, పెళ్ళికి పందిరి సామానో, పనో. మా నాన్న ఆయన మిల్లులోనే ఉన్నాడు. ఆదివారం నాన్న ఇంటికొస్తే అమ్మ విషయం చెప్పింది. నాన్న మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"నా పని పోద్దేమో."

"పోద్దేమో" అంది అమ్మ.

"మండపేటలో మిల్లులు ఇంకా ఉన్నాయిలే" అన్నాడు నాన్న. "పాటకి మాత్రం నేను రాను. నేనక్కడుంటే నన్ను చూసి నీకు నోరు రాదు" అన్నాడు. మా నాన్న జీవితంలో చెప్పిన తెలివైన మాటల్లో అదొకటి.

మగవాళ్ళ నోరు ఎక్కడ కట్టుబడిపోయిందో అమ్మకి తెలుసు. మర్యాద మానేసి గట్టిగా పాడాలని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. అమ్మ ఒప్పుకోలేదు. "ఆయన చేసింది చేసేడు. అది కాదంటే మనకి పుట్టగతులుండవు. ముందు దణ్ణం పెడదాం, బియ్యం ఇచ్చినందుకు థాంక్స్ చెబుదాం, తర్వాత పాడదాం. రెండూ ఒకే నోటితో అనొచ్చు కదా?" అంది. అనొచ్చో లేదో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఎవరూ ఎప్పుడూ అనలేదు.

అందుకని అలవాటు చేసుకోవాలనుకుంది. సాయంత్రాలు వంగతోటలో నన్ను బుట్ట బోర్లించి దానిమీద కూర్చోబెట్టేది. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని నేనే కామందుగారిని. పక్కన దిష్టిబొమ్మే పంచాయతీ గుమస్తా. మొదటిరోజు నేను గొంతు లావు చేసి, "ఏమ్మా, పిల్లలు బావున్నారా?" అన్నానో లేదో, అమ్మ చటుక్కున చేతులు కట్టుకుని, "తమరి దయండి" అనేసింది. ఇద్దరం కడుపుబ్బా నవ్వాం. "నేనేనే అమ్మా!" అన్నాను. "తెలుసే, తువ్వాలు చూసేసరికి వచ్చేసింది" అంది. మూడో రోజుకి చేతులు కట్టుకోవడం మానేసింది. వారానికి "క్షమించాలండి, ఇంకో ఐదొందలండి" అనడం వచ్చింది. చివర "అండి" మాత్రం తీయలేకపోయింది, తీయించడానికి నేనూ ప్రయత్నించలేదు. మిగతా ఆడవాళ్ళు కూడా వచ్చి చూసేవారు. కొంతమంది తామూ ఒకసారి పాడి చూస్తామని బుట్ట ముందు నిలబడేవారు. కామందుగారి మీద కాకపోయినా, ఒక తువ్వాలు మీదైనా నోరు తెరిచిన రోజులవి.

పాట రోజు నేను బడి మానేసి పంచాయతీ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆడవాళ్ళు పన్నెండుమంది వచ్చారు. తాత కూడా వచ్చాడు, కానీ లోపలికి రానన్నాడు. "నన్ను చూస్తే మళ్ళీ కుర్చీ ఇస్తాడు" అన్నాడు. కామందుగారు ముందే వచ్చి కూర్చున్నాడు. ఆడవాళ్ళని చూడగానే లేచాడు.

"రండమ్మా. ఇలా కూర్చోండి."

అమ్మ దణ్ణం పెట్టింది. "వరదలప్పుడు తమరిచ్చిన బియ్యం తిన్నామండి. తాతకి కళ్ళిచ్చేరు. మర్చిపోలేదండి."

"అయ్యో, దానిదేముందమ్మా. కూర్చోండి."

"నిలబడే ఉంటానండి. పాడాలి కదండి" అంది అమ్మ.

కామందుగారికి కాసేపు అర్థం కాలేదు. కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ఆయనా కూర్చోలేదు, పాట అయ్యేదాకా నిలబడే ఉన్నాడు. గుమస్తా మొదలెట్టాడు. కామందుగారి మనిషి క్రితం ఏటి అంకే చెప్పాడు.

"క్షమించాలండి" అంది అమ్మ. గొంతు వణికింది. "ఇంకో ఐదొందలండి."

గదిలో అందరూ అమ్మ వైపు తిరిగారు. ఆ మనిషి కామందుగారి వంక చూసి, ఇంకో ఐదొందలన్నాడు. "క్షమించాలండి, ఇంకో ఐదొందలండి." మళ్ళీ అతను. మళ్ళీ అమ్మ. నాలుగుసార్లయ్యేసరికి వణుకు పోయింది. ఏడుసార్లయ్యేసరికి అమ్మ క్షమించాలండి అనగానే వెనకాల ఆడవాళ్ళు కూడా పెదాలు కదుపుతున్నారు. కిటికీ చువ్వలు పట్టుకుని నేనూ అంటున్నాను.

కామందుగారు చెయ్యెత్తి ఆపాడు. కోపంగా లేడు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "ఇంత డబ్బు ఎక్కణ్ణించి తెస్తారమ్మా? నాలాంటివాడికే గిట్టదు."

"తమరికి ఇచ్చే టిక్కెట్లేనండి" అంది అమ్మ. "దాటేది మేమే కదండి. రోజుకి ఎన్ని బుట్టలు దాటుతున్నాయో మోసేవాళ్ళం మాకు తెలీదా అండి? తమరైతే పాట డబ్బు పోను మిగలాలండి. మాకు మిగలక్కర్లేదండి, దాటితే చాలండి."

ఇప్పుడు పాఠం చెప్పేటప్పుడు నేను ఆ మాటనే తిప్పి తిప్పి చెబుతాను. అంతకు ముందు ఏడు ఆయన ఆ రేవుని ఎంతకి పొందాడో గుర్తుందా? వంద రూపాయలు ఎక్కువకి. ఆయన డబ్బుకి మేం ఓడిపోయామనుకున్నాం. మా మొహమాటమే ఆయనకి రేవుని చవగ్గా అప్పజెప్పింది. దానికి తగిన ధర పలికేసరికి ఆయన లెక్క ఆయనకి అడ్డం వచ్చింది. ఆయన మనిషి దగ్గరికొచ్చి చెవిలో ఏదో చెప్పాడు. కామందుగారు తల పంకించాడు. గుమస్తా ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. అమ్మ కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు.

"మూడోసారి."

ఆడవాళ్ళు గట్టిగా అరవలేదు. మా వాళ్ళు కదా, ఎదురుగా ఆయన నిలబడి ఉన్నాడు. ఒకళ్ళ చేతులు ఒకళ్ళు గట్టిగా పట్టుకున్నారంతే. కామందుగారు అలవాటుగా, "కాఫీలు తెప్పించవయ్యా" అన్నాడు.

"ఇవాళ కాఫీ మాదండి" అంది అమ్మ.

ఆయన ఒక్క క్షణం తటపటాయించాడు. ఎదుటివాళ్ళ కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో ఆయనకి. తర్వాత గ్లాసు అందుకున్నాడు. తాగుతూ, "పంచదార ఎక్కువైందమ్మా" అన్నాడు. "మావాళ్ళకి అలాగే అలవాటండి" అంది అమ్మ. బయట మెట్ల మీద తాత ఒక్కడే గట్టిగా ఏడుస్తున్నాడు, ఆపరేషన్ చేసిన కన్ను తుడుచుకుంటూ.

దీంతో లోకం మారిపోయిందని చెప్పను. కామందుగారి మిల్లు, చెరువులు, లారీలు ఏవీ తగ్గలేదు. మా లంకలో ఆయన నేల ఆయనదే. రెండు నెలలకి మిల్లులో మేస్త్రీ నాన్నతో మాట కలపడం మానేశాడు. నాన్న తనంత తనే పక్క మిల్లుకి మారాడు, అక్కడ కూలి కొంచెం తక్కువ. ఇంజను పడవ వెళ్ళిపోయింది. తాత పాత పడవకి కొత్తగా తారు పూసి, మళ్ళీ గెడతోనే దాటించాం. వానాకాలంలో చాలా కష్టపడ్డాం. సెకండ్‌హ్యాండ్ ఇంజను కొనడానికి ఇంకో ఏడాది పట్టింది. కానీ ఆ పాట తర్వాత మా వాళ్ళలో ఏదో కదిలింది. ఆ తర్వాతి వేసవిలో పాయలో మేటవేసిన కొత్త లంక నేలని కౌలుకి వేలం వేస్తే, పదిమంది కలిసి వెళ్ళి పాడుకొచ్చారు. "క్షమించాలండి" అని మొదలెట్టే పాడారట. ఇప్పటికీ మా వైపు వేలాల్లో ఆ మాట వినిపిస్తే, అవతలివాళ్ళు కొంచెం సర్దుకుని కూర్చుంటారని విన్నాను. బడి మానేసిన ఇద్దరమ్మాయిల్లో ఒకమ్మాయి తిరిగి వచ్చింది. రెండో అమ్మాయికి అప్పటికే పెళ్ళి కుదిరిపోయింది. ఆ విషయంలో మేం ఆలస్యమయ్యాం, దానికి నాకిప్పటికీ బాధే.

రేవు మా చేతికొచ్చిన మొదటి రోజు పొద్దున్న మాత్రం బాగా గుర్తుంది. రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. టిక్కెట్ల పుస్తకం లేదు. తాత పడవ చివర నిలబడి గెడ పట్టుకుని, రాజుగారిలా మమ్మల్ని పిలుస్తున్నాడు. మేర పద్ధతి మళ్ళీ వచ్చింది, పాట డబ్బు కూడా ఇళ్ళవారీగా అందులోనే పంచుకున్నాం. బుట్టలు, మేకలు, సైకిళ్ళు అన్నీ ఎక్కేస్తున్నాయి. నేను సంచి భుజాన వేసుకుని ఎక్కబోతుంటే అమ్మ ఆపింది. సంచి కింద చెయ్యిపెట్టి బరువు చూసింది. నా మొహం చూసింది. అప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు. తెల్లారగట్ల లేచి, అలవాటు కొద్దీ, సగం టమాటాలు సంచిలో సర్దేశాను.

అమ్మ తిట్టలేదు. ఇసుకలో కూర్చుని, సంచి విప్పి, ఒక్కో టమాటా తీసి అందరూ చూస్తుండగా బుట్టలో వేసింది. చివర్న లెక్కల పుస్తకం బయటికి తీసి, అట్టమీద తడి కొంగుతో తుడిచి, మళ్ళీ లోపల పెట్టింది.

"పదో తరగతి పుస్తకాలు ఇంకా లావట. చోటు ఖాళీగా ఉంచు" అంది.